గినీ పందికి లంకణం

లంకణం పెట్టించి ఒక ప్రాణిని చంపారు, రబ్బానీ భాయ్. సోమవారం మీరు వేంపల్లె పెళ్లికి బయలుదేరేటప్పుడే చెప్పాను, మన పెంపుడు జంతువుల షాపులోని గోధుమరంగు గినీ పంది గడ్డి ముట్టడం లేదు, పెంటికలు వేయలేదు, మూలన ముడుచుకుని పళ్లు కొరుకుతోందని.

"కడుపు చెడిండాదిలేప్పా. రెండు దినాలు ఏమీ పెట్టాకు, అదే సర్దుకుంటాది. నువ్వేమన్నా డాక్టరువా?" అని నవ్వారు.

మీ మాట విని గడ్డి తీసేసింది నేనే. బుధవారం అది చచ్చిపోయింది. ఆ పాపంలో నన్నూ కలిపారు.

ఈ పొద్దున దాని జతది, తెల్లది కూడా తినడం మానేసింది. మిమ్మల్ని అడగలేదు. షట్టరు దించి కడప పశువుల ఆసుపత్రికి తెచ్చాను. డాక్టరమ్మ పొట్ట ఉబ్బలేదని చూసుకుని, గడ్డిపొడి కలిపిన నీళ్లు సిరంజితో పోస్తోంది. "వీటి పేగులు ఆగకూడదు. ఒక పూట తినకున్నా పరుగెత్తుకుని రావాల. లంకణం పెట్టమన్నదెవరు?" అని తిట్టింది. మీ పేరు చెప్పాను.

ఇకమీదట బోనులో ఎండుగడ్డి ఎప్పుడూ ఉంటుందని, జబ్బు చేస్తే మిమ్మల్ని అడగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లొచ్చని మీ చేత్తో రాసివ్వండి. రేపు పొద్దున పదిలోపు ఆ కాగితం నా చేతికి రాకపోతే తెల్లది మీ షాపుకు తిరిగి రాదు, నేనూ రాను.