పొగ కన్నం మీద మూత

బరాగా, మిషిగన్
17 నవంబరు 2013

చిరంజీవి ఐలాకు,

ఆర్విడ్ బాబాయి దీవెనలు. ఇక్కడ కొత్తగా కోయించుకున్న మోకాలు తప్ప తక్కినదంతా కులాసా. అడవిలో నువ్వూ, పొయ్యిలో నీ నిప్పూ కులాసా అని తలుస్తాను.

నీ ఉత్తరం నిన్న అందింది. ఆ వేట క్యాంపులో ఫోను పనిచెయ్యకపోవడం నాకు మేలే. ఫోనులో నాకు సగం వినపడదు, వినపడిన సగానికి తప్పు జవాబు చెబుతాను. సీజను మొదటిరోజే, ఒక్క తూటాకే దుప్పిని పడేశావంటే రెండుసార్లు చదువుకున్నాను. మీ నాన్న ఓస్మోకి మొదటి దుప్పి దొరకడానికి మూడేళ్ళు పట్టింది. నాకు ఐదేళ్ళు. ఆ సంగతి వాడు ఊళ్ళో చెప్పని మనిషి లేడు. ఈ వేసవిలో పోకుండా ఉంటే మీ అమ్మ హెల్మి ఎంత మురిసిపోయేదో అని రాయబోయాను. అబద్ధం ఎందుకు, దుప్పి పేరెత్తితే లేచి వెళ్ళిపోయేది.

సరే, అసలు సంగతికి వస్తాను. దుప్పి మాంసంలో కొవ్వు ఉండదు, ఉన్న కాస్తా మైనంలా అంగిలికి అంటుకుంటుంది కాబట్టి కోసి పారెయ్యాలి. పంది మాంసం కాల్చినట్టు తాపీగా కాల్చావంటే చెప్పులు కుట్టించుకోవాల్సిందే. వెన్నెముకకి రెండు పక్కలా పొడుగ్గా ఉండే కండతో మొదలుపెట్టు, అది చెయ్యి తిరగనివాళ్ళని కూడా క్షమిస్తుంది. మీద మెరిసే తెల్లటి పొర ఉంటుంది, దాని కిందకి సన్నటి కత్తి పోనిచ్చి ఒలిచెయ్యి. అది వదిలేస్తే ముక్క ముడుచుకుపోతుంది. చలి వదిలేదాకా పొయ్యి దగ్గర ఉంచు. వెన్న రాసి, ఉప్పూ మిరియాలూ జల్లి, ఎర్రటి నిప్పుల మీద జాలీ పెట్టి పక్కకి మూడేసి నిమిషాలు కాల్చు. లోపల ఇంకా ఎర్రగా ఉండగానే తియ్యి. పది నిమిషాలు కప్పి ఉంచాకే కత్తి పెట్టు.

వెనక కాళ్ళు రెండూ నాన్న కట్టిన పొగ సౌనాలోనే, ఆ ఆవిరిస్నానాల గదిలోనే, పొగ పట్టిస్తానన్నావు. అంత పట్టుదల ఎందుకమ్మాయ్? ఈ చుట్టుపక్కల సగం మంది పాత ఫ్రిజ్‌కి కన్నం పెట్టి అందులో పొగ పట్టిస్తారు, ఎవరూ పస్తులు పడుకోలేదు. ఆ సౌనాకి పొగగొట్టం లేదు. రాళ్ళ పొయ్యి పొగంతా గదిలోనే తిరిగి, కప్పు కింద గోడలో ఉన్న జానెడు కన్నంలోంచి పోవాలి. కన్నం మీద మూత కనబడటం లేదన్నావు. పుచ్చి రాలిపోయి ఉంటుంది. లేకపోతే కొంపలేం మునగవు, తెరిచే ఉండనీ.

పొగ పోయినా నిప్పులు ఉన్నంతసేపూ హ్యాకా ఉంటుంది. మీ అమ్మమ్మ ఆ పేరు చెప్పే నిన్ను సౌనా దగ్గరికి రానిచ్చేది కాదు. నిప్పుల్లోంచి వచ్చే ఆ విషగాలికి రంగు లేదు, వాసన లేదు. మనిషిని నిద్రపుచ్చి తీసుకుపోతుంది. మీ నాన్నని తీసుకుపోయిందీ అదే.

ఇంకొకటి. ఆ కన్నం దగ్గర ఎప్పుడు ఏ పని పెట్టుకున్నా ముందు గోడ మీద రెండుసార్లు తట్టి, లోపల ఎవరున్నారని కేకెయ్యి. ఒంటరిగా ఉన్నా సరే. ఎందుకని అడక్కు.

ఇట్లు,
మీ నాన్న స్నేహితుడు,
ఆర్విడ్ బాబాయి

*

బరాగా
20 నవంబరు 2013

చిరంజీవి ఐలాకు,

దీవెనలు. నా మోకాలు నిన్న గుమ్మం దాకా నడిచింది. నువ్వు మొదటి ముక్కని బొగ్గు చేసి, రెండోది మాత్రం ముగ్గురు తినేదీ ఒక్కదానివే తిన్నావని చదివి నవ్వుకున్నాను. మొదటి ముక్కని అందరం బొగ్గే చేశాం. ఒరేయ్ ఆర్విడూ, నువ్వు దుప్పిని చంపింది చాలదురా, మళ్ళీ నిప్పుల మీద పెట్టి రెండోసారి చంపాలా అనేవాడు మీ నాన్న.

వెనక కాళ్ళకి ఉప్పునీళ్ళు కావాలి. గాలను నీళ్ళకి ఒక కప్పు ఉప్పు, అరకప్పు బెల్లపు రంగు పంచదార, గుప్పెడు జునిపర్ పళ్ళు. కాచి చల్లార్చి, కాళ్ళు మునిగేలా పోసి నాలుగు రోజులు చల్లటి చోట ఉంచు. గడ్డకట్టనివ్వకు. తరవాత తుడిచి గాలికి వేలాడదియ్యి. వేలు పెడితే కాస్త జిగురుగా తగలాలి. తడి మాంసానికి పొగ పట్టదు, మసి పడుతుంది. కట్టెలు ఆల్డర్‌వి, బెరడు తీసినవి. పైన్, ఫర్ జోలికి పోకు, తారు నాకినట్టుంటుంది.

ఇక నువ్వు అడిగినవి. మీ అమ్మ పెట్టెలో షెరీఫు తీసిన ఫోటో దొరికిందన్నావు. అందులో సౌనా గుమ్మం పక్కన నాన్న బూట్లు జతగా, తాళ్ళు విప్పి ఉన్నాయన్నావు. తాగి తూలేవాడు బూట్లు అంత పొందికగా పెడతాడా బాబాయ్ అని అడిగావు. మీ నాన్న తాగినా పొందికైన మనిషే. కోటు జేబులో సగం ఖాళీ అయిన బ్రాందీ సీసా దొరికింది కదా. తాగి, నిప్పులు ఆరకముందే లోపలికి వెళ్ళి కూర్చున్నాడు. ఇక్కడ ఆరేళ్ళ పిల్లలకి కూడా తెలిసిన పద్ధతి తప్పాడు. షెరీఫు రాసింది అదే, ఊరు అన్నది అదే.

అప్పటికి నువ్వు తొమ్మిదేళ్ళ పిల్లవి. బడిలో నిన్ను హ్యాకా ఓస్మో కూతురు అని పిలిచేవాళ్ళని రాశావు. ఆ సంగతి నాకు ఇంతకాలం తెలియదు. చదివి అన్నం పక్కన పెట్టేశాను.

కన్నం చుట్టూ గోడకి బయటివైపు బందుల మేకుల గుర్తులూ, తిప్పే గడియ గుర్తూ ఉన్నాయి, లోపలివైపు ఒక్క గీత కూడా లేదు, మూత బయటనించే వేసేవారా అని అడిగావు. చలికాలంలో మంచు పడకుండా ఎవరో పలక కొట్టి ఉంటారు. నువ్వు మాంసానికి పొగ పట్టించడానికి వెళ్ళావా, గోడలు చదవడానికి వెళ్ళావా తల్లీ? నా మాట విని పాత ఫ్రిజ్ ఒకటి చూసుకో.

ఇట్లు,
ఆర్విడ్ బాబాయి

*

బరాగా
27 నవంబరు 2013

చిరంజీవి ఐలాకు,

దీవెనలు. రేపు థాంక్స్‌గివింగ్ పండగ, టపా కదలదు. అందుకని మీ దారిలో మంచు తీసే వెర్నర్ చేతికి దీన్ని ఇస్తున్నాను. ఒక గోనె మూట కూడా ఇస్తాడు. ఉత్తరం చివరిదాకా చదివాకే విప్పు.

నీ ఉత్తరం నాలుగే ముక్కలుంది. కాళ్ళు ఉప్పునీళ్ళలోంచి తీసి ఆరబెట్టావు. దేవదారు పలకతో కొత్త మూత చేసి, పాత గుర్తులు ఉన్నచోటే బయట బిగించావు. సీజను ఆఖరిరోజు, శనివారం, పొయ్యి వెలిగిస్తావు. బాబాయ్, నువ్వు రా, నాన్న కూర్చున్న పీట మీద కూర్చుని నాన్నలాగే దుప్పి కాళ్ళు తిప్పుదువుగాని, బయట మూత సంగతి నేను చూసుకుంటాను అని రాశావు.

నిన్నటినించీ ఆ ఆఖరి వాక్యం దగ్గరే ఉన్నాను. ఎన్నిసార్లు చదివినా అందులో కోపం కనబడదు. అది లేకపోవడమే నాకు భయంగా ఉంది.

పద్ధతి చెబుతాను, జాగ్రత్తగా విను. పొద్దున్నే వెలిగించి, రాళ్ళు వేడెక్కేదాకా నాలుగైదు గంటలు మండించు. అంతసేపూ తలుపూ కన్నమూ తెరిచే ఉండాలి. మంట చచ్చాక పెద్ద నిప్పులు బయటికి లాగేసి, కాసిని మాత్రం ఉంచి వాటి మీద ఆల్డర్ చెక్కలు వెయ్యి. మొదటి చెంబు నీళ్ళు రాళ్ళ మీద చల్లి బయటికి వచ్చెయ్యి. ఆ ఆవిరి హ్యాకాని నెట్టేస్తుంది. అప్పుడు కాళ్ళు వేలాడదియ్యి, పైన పంది కొవ్వు ముక్కలు కప్పి తలుపు మూసెయ్యి. కన్నంలోంచి పొగ పలచగా, నీలంగా రావాలి. తెల్లగా చిక్కగా వస్తే మాంసం చేదెక్కుతుంది. గంటకోసారి లోపలికి వెళ్ళి తిప్పి రావాలి. కన్నం తెరిచి ఉన్నంతకాలం ఆ కాస్సేపటికీ ప్రమాదం లేదు. మీ నాన్న తిప్పాక కాసేపు పీట మీద కూర్చుని తన పాదాలు కాచుకునేవాడు. సాయంత్రానికి ఎముక దగ్గర నూట అరవై ఫారెన్‌హీట్ డిగ్రీలు వస్తే అయిపోయినట్టే. ఆ రోజు కోసి తినకు. మర్నాడు చల్లగా, పలచగా కోసి, రై రొట్టె మీద వెన్న రాసుకుని తిను.

నాకు తెలిసిన పని ఇంతే. ఇది నాకు నేర్పింది ఓస్మో.

ఇట్లు,
ఆర్విడ్

తా.క. మూత పుచ్చిపోలేదు. గోనెలో ఉన్నది అదే. ఇరవై రెండేళ్ళు మా కొట్టంలో మేకుల డబ్బాల వెనక ఉంది. నువ్వు గుర్తులు చూసిన గడియ దానిదే. అది బయటనించే పడుతుంది.

మీ నాన్న పోయిన రోజు పొద్దున ఒక పెద్ద కొమ్ముల దుప్పి పడింది. అది నా తూటా అన్నాను. క్యాంపు అందరి ముందూ మీ నాన్న, ఆర్విడూ, నీకు కాదురా, నీ తుపాకీకి పెట్టించాలి కళ్ళజోడు అన్నాడు. అందరూ నవ్వారు. నేను వాడితో మాట్లాడటం మానేశాను. మధ్యాహ్నం తక్కినవాళ్ళు అడవిలోకి వెళ్ళారు. నేను సౌనా పక్కకి వచ్చేసరికి గుమ్మం దగ్గర బూట్లు జతగా ఉన్నాయి. కన్నం తెరిచి ఉంది, పొగ పలచగా, నీలంగా వస్తోంది. వాడు ఏ పద్ధతీ తప్పలేదు. ఒక్క చుక్క తాగలేదు. సీసా నాది. తరవాత వాడి జేబులో పెట్టింది నేను.

లోపల ఉన్నాడని తెలుసు. తట్టలేదు, పిలవలేదు. మూత వేసి గడియ తిప్పాను. ఐదు నిమిషాల్లో దగ్గుకుంటూ, నన్ను బూతులు తిడుతూ బయటికి వస్తాడు, ఈసారి నేను నవ్వుతాను అనుకున్నాను. కట్టెల మోపు మీద కూర్చున్నాను. దగ్గు వినపడలేదు. ఇందులో కూడా నన్ను ఓడించాలని మొండికేశాడనుకుని ఇంకాసేపు కూర్చున్నాను. తలుపు తీసేసరికి వాడికి ఊపిరి లేదు, మూతని బందులతో సహా ఊడదీసి దాచేశాను. పొగకైతే దగ్గు వస్తుంది. హ్యాకాకి రాదు. ఆ సంగతి ఆ క్షణాన గుర్తు రాలేదని నాకు నేను చెప్పుకుంటూ వచ్చాను. నిజమో కాదో నాకే తెలియదు.

తాగాడా అని మీ అమ్మ నన్ను ఒక్కసారే అడిగింది. తాగాడన్నాను. ఈ కాగితం షెరీఫుకి ఇవ్వాలనుకుంటే ఇవ్వు, సంతకం నాదే. ముందు మాత్రం ఊళ్ళో చదివి వినిపించు, మీ నాన్న పేరు బాగుపడాలి.

శనివారం వస్తాను. వెర్నర్ దింపి వెళ్ళిపోతాడు. నా బూట్లు విప్పి గుమ్మం పక్కన జతగా పెట్టి, ఆ పీట మీద కూర్చుంటాను. నువ్వు మూత దగ్గరికి వచ్చినప్పుడు గోడ మీద తడతావో లేదో నీ ఇష్టం. తడితే పలుకుతాను.