ఫోన్ చేసి వెళ్ళే రోజులు

జూన్ 9

తుక్కుగూడ దాకా బస్సు, అక్కడి నుంచి షేర్ ఆటో. మళ్ళీ అదే ఊరు, అదే వీధి. బీపీ ఉన్న ఆడవాళ్ళ ఇంటికి నెలకోసారి నర్సు వెళ్ళి కూర్చుని మాట్లాడితే మందులు సరిగ్గా వేసుకుంటారా, లేదా — ఇదీ మా సార్ పరిశోధన. ఆ నర్సుని నేను. ఇన్నేళ్ళూ వార్డులో సూదులు పొడిచాను, ఇప్పుడు ప్రశ్నలు పొడుస్తున్నాను. పీహెచ్‌డీ కావాలంది నేనే, ఎవరూ తోయలేదు.

యాదమ్మ బీపీ ఇవాళ భేషుగ్గా ఉంది. మొదటిసారి చూసినప్పుడు మిషను చెడిపోయిందనుకున్నాను, అంత ఉండేది. "మంచిగున్నదా సిస్టరమ్మా?" అంది, మార్కులు అడిగే పిల్లలాగా. చాలా బాగుంది అన్నాను. ఎంత మురిసిపోయిందో. నేను మాత్రం తక్కువా...

జూన్ 10

సార్‌కి అంకెలు పంపాను. "అద్భుతం. అంతా నీ వల్లే" అని జవాబు. సిగ్గు లేకుండా మళ్ళీ తీసి చదువుకున్నాను.

జూన్ 22

ఇవాళ తెలిసింది. తెలియకపోయినా బాగుండేదేమో.

పక్క ఊళ్ళో పని తొందరగా అయింది. ఎండ. మంచినీళ్ళు తాగి పోదామని యాదమ్మ ఇంట్లోకి దూరాను. ఆదివారం కాబట్టి ఇంట్లోనే ఉంది. నన్ను చూడగానే ముఖం వాడిపోయింది.

"ఫోన్ చెయ్యకుంటనే వచ్చినవు గదమ్మా?"

ఊరికే వచ్చాను అన్నాను. బ్యాగులో మిషను ఉంది కదా అని తీశాను. చెయ్యి కొంగులో దాచుకుంది. "ఇయ్యాల వద్దు. ఇయ్యాల చూడకు." వింటానా? చూశాను. మొదటిరోజు ఎంత ఉందో అంతే ఉంది.

కోడలు స్వప్న బియ్యం ఏరుతూ అక్కడి నుంచే చెప్పింది — "నువ్వు ఫోన్ చేసిన దినంకెళ్లి ఏసుకుంటది గోలీలు. నువ్వు పోంగనే బంద్. మా అత్తమ్మ ఒక్కతే గాదు, ఈ గల్లీల అందరు గంతే."

ఎందుకు? అన్నాను.

యాదమ్మ నేల చూస్తూ అంది. "గంత దూరంకెళ్లి వస్తవు బిడ్డా. అంకె మంచిగ రాకుంటే నీకు మాటొస్తది గద."

నాకోసం. ఇన్ని నెలలూ, నాకోసం.

మరి రోజూ ఎందుకు వేసుకోవు అని గట్టిగానే అడిగాను. వార్డు గొంతు పోలేదు నాకు. అప్పుడు ఆవిడా గట్టిగానే చెప్పింది. "ఆ గోలి ఏసుకుంటే మాటిమాటికి ఒంటికొస్తది. నేను పని చేసేది ఏర్‌పోర్టు రోడ్డు నడుమ, చెట్లకు నీళ్లు పెట్టుడు. ఇటు కార్లు, అటు కార్లు. యాడ కూసుండాలె? నువ్వే చెప్పు."

పైన విమానం పోయింది. పట్టీ చుట్టి మిషను బ్యాగులో పెట్టుకున్నాను.

జూన్ 23

మాకు ముందే ఫోన్ చేసి వెళ్ళమని నియమం. మనిషి ఇంట్లో లేకపోతే దారి ఖర్చు దండగ కదా. ఆ ఫోనే వాళ్ళకు గోలీల గంట.

నా ప్రశ్నల్లో అన్నీ ఉన్నాయి. ఉప్పు ఎంత, పొగాకు ఉందా, ఇంట్లో గొడవలా. పనిచోట మరుగుదొడ్డి ఉందా అన్న ప్రశ్న లేదు. ఆ ప్రశ్నలు రాసింది ఏసీ గదిలో. రాసినవాళ్ళలో నేనూ ఉన్నాను. ఎద్దు పుండు నొప్పి కాకికేం తెలుసు.

జూన్ 25

సార్‌కి చెప్పాను. ఆయన పెన్ను మూత తీసి పెట్టి, తీసి పెట్టి...

"ఫోన్ చేయకుండా వెళ్ళడం పద్ధతి కాదు కదమ్మా. ఆ అంకె మనం తీసుకోలేం."

ఒంట్లో నీరు లాగే ఆ గోలి మార్పిద్దాం సార్, వేరేవి ఉన్నాయి కదా అన్నాను. "మనం మందులు రాయం. చూస్తాం. దవాఖానాకి చీటీ రాసి పంపు. నాకూ బాధగానే ఉంది, కానీ మధ్యలో మారిస్తే ఇన్ని నెలల పని పోతుంది."

చెడ్డవాడు కాదు. అదే ఖర్మ. చెడ్డవాడైతే తిట్టుకుని పడుకునేదాన్ని.

జూన్ 26

చీటీ స్వప్న చేతికిచ్చాను. యాదమ్మకు ఫోన్ చేసి, డాక్టరు దగ్గరికి పో, గోలి మారుస్తాడు అన్నాను. "అట్లనే. ఏసుకుంట తియ్, ఇయ్యాల్టి నుంచే" అంది. నేను వస్తున్నాననుకుంది.

ఒక పాడు ఆలోచన. రోజూ ఫోన్ చేస్తే? రోజూ వేసుకుంటుంది. వేసుకుని రోడ్డు మధ్యలో బిగబట్టుకుని నిలబడుతుంది.

చేయలేదు.

జులై 4

డాక్టరుండే రోజు ఆవిడకు పని. ఆవిడకు సెలవు రోజు డాక్టరుండడు. "బోనాలు ఎల్లినంక పోత, జర ఆగు."

జులై 14

ఈ నెల విడత. ఫోన్ చేసే వెళ్ళాను. వీధి వీధంతా బీపీ చక్కగా ఉంది. యాదమ్మదీ. ఏ అంకె వచ్చిందో ఆ అంకే వేశాను. తెలిసి తెలిసి.

"దవాఖానకి?"

"పోత అన్న గద. నువ్వెందుకు పరేషాన్ అయితవు?"

వచ్చేటప్పుడు స్వప్న కవర్‌లో సీతాకోకచిలుకల ముగ్గుల పుస్తకం పెట్టిచ్చింది, మా అమ్మాయికట. ఆటోలో దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను.

జులై 23

స్వప్న ఫోన్. "అత్తమ్మ పనికాడ పడిపోయింది. నోరు వంకర పోయింది. కుడిచెయ్యి లేస్తలేదు."

పక్షవాతం.

జులై 25

పెద్దాసుపత్రికి వెళ్ళాను. నన్నెవరూ నర్సు అనుకోలేదు, చుట్టం అనుకున్నారు. దిండు సర్దాను. పక్కకు తిప్పి వీపు తుడిచాను. చేతులు వాటంతటవే చేశాయి. ఇన్నాళ్ళకు ఆవిడకు నేను చేసిన పని ఇదొక్కటే.

మంచం కింద మూత్రం సంచి వేలాడుతోంది. ఇక బిగబట్టనక్కర్లేదు యాదమ్మకు. ఆ మాట నాకు తట్టినందుకు నామీద నాకే అసహ్యం వేసింది.

స్వప్న నన్నే ఓదార్చింది. "నువ్వేం జేస్తవు సిస్టరమ్మా. నువ్వొచ్చినప్పుడల్లా మంచిగనే ఉండె గద."

జులై 30

సార్ అన్నారు, యాదమ్మను "మధ్యలో మానేసినవారు"లో వేయమని. మిగతా ఫలితాలు బాగున్నాయట. వ్యాసంలో నా పేరే మొదట వేస్తారట.

ఆమె మానేయలేదు సార్ అన్నాను. ఆయన అప్పటికే తర్వాతి పేరుకి వెళ్ళిపోయారు.

ఆగస్టు 1

మా ఆయన అంటారు — వదిలెయ్యి, మళ్ళీ వార్డుకే పో, నీకక్కడే సుఖం.

వార్డుకు ఎవరొస్తారు? పడిపోయినవాళ్ళు. ఇక్కడ పడిపోకముందే చూస్తున్నాను. చూస్తున్నాను, అంతే. మైలార్‌దేవ్‌పల్లి కిరాయింట్లో కూర్చుని రాజీనామా రాశాను, చింపాను. ఎటుపోయినా ఒకటే.

ఆగస్టు 12

ఈసారి ఎవరికీ ఫోన్ చేయలేదు. నియమం గియమం పోనీ, ఒక్కసారైనా నిజం అంకె చూడాలనుకున్నాను. ఊరి బయటే ఆటో దిగి నడిచాను.

వీధి మొదట్లోనే అరుగు మీది ముసలావిడ చూసేసింది. ఎంత గొంతో! "సిస్టరమ్మొచ్చిందే! గోలీలు ఏసుకోండ్రి!" ఆ మాట నాకంటే ముందు ఇంటింటికీ పోయింది. లోపల గ్లాసుల చప్పుడు.

యాదమ్మ మంచంలో ఉంది. మాట రావడం లేదు. నన్ను చూసి ఎడమచేత్తో దిండు కింద వెతుకుతోంది. స్వప్న చెప్పింది — "దవాఖానోళ్లు గోలి మార్చిండ్రు. ఇది ఏసుకుంటే ఒంటికి అంతగ రాదంట."

అదే గోలి. సార్‌ని నేనడిగిందే.

గోలి దొరికింది. తనే నోట్లో వేసుకుంది. స్వప్న చెంచాతో నీళ్ళు పోస్తే సగం వంకర పెదవి నుంచి మెడ మీదికి కారాయి. తుడిచాను. ఆవిడ ఎడమచెయ్యి చాపింది, కట్టు అన్నట్టు.

కట్టాను. మిషను గుర్రుమంటోంది. యాదమ్మ మిషను చూడదు, ఎప్పుడూ చూడలేదు. నా ముఖమే చూస్తుంది...

అంకె వచ్చింది.

"మంచిగుంది" అన్నాను.