ముందే చెప్పేసిన స్తోత్రం

ఆదివారం రాత్రి, కనకాలపేట

యూనివర్సిటీవాళ్లు ఉత్తమ అధ్యాపకుల పేర్లు ఇంకా ప్రకటించలేదు. నేనేమో ఈ ఉదయం చర్చిలో సంఘం ముందు నిలబడి, మా అమ్మాయి సువార్తకు ఆ అవార్డు వచ్చేసిందని విశ్వాసంతో దేవుడికి స్తోత్రం చెప్పేశాను. అందరూ చప్పట్లు కొట్టారు.

మధ్యాహ్నం సువార్త వచ్చింది. ముఖంలో నెత్తురు లేదు.

“మిమ్మల్నెవరు చెప్పమన్నారు నాన్నగారూ? ఎంపిక కమిటీ సారు భార్య అక్కడే కూర్చున్నారంట. నేనే చెప్పించుకున్నాననుకుని పేరు కొట్టేత్తారు.”

“విశ్వాసంతో అన్నానమ్మా.”

“మీ విశ్వాసం సంగతి కమిటీకేం తెలుసండీ?”

వెనకబడిన పిల్లల్ని సాయంత్రాలు దగ్గర కూర్చోబెట్టుకుని, ఓపిగ్గా పాఠం చెప్పి తెచ్చుకున్న పేరు. నా నోటివల్ల పోతుందేమో. వాక్యం చదువుదామని బైబిలు తెరిచాను, కళ్లు నిలవలేదు. మోకరించాను. పిల్ల పేరు ఎత్తడానికి భయమేసి, ఏమీ అడక్కుండానే లేచాను.