ఈస్టర్ పున్నమికి పోయిన సమాధి

అత్తా,

నిన్న ఈస్టర్. తెల్లవారుజామున నీ కొడుకూ నేనూ పూలు, కొవ్వొత్తులు పట్టుకుని సముద్రం ఒడ్డున ఉన్న సమాధుల తోటకు వెళ్ళాం. నీ సమాధి లేదు. పండగకు ముందొచ్చిన పున్నమి పోటుకు అలలు గట్టును కోసుకుపోయాయి. నీ వరసంతా పోయింది.

నేను కొత్త కోడలిగా వచ్చిన ఏడు, ఈ పండగ ఏటా ఒకే తేదీన ఎందుకు రాదని అడిగాను. నువ్వు వల బాగుచేసుకుంటూనే చెప్పావు. "యేసయ్యను సిలువేసింది యూదుల పస్కా పండగప్పుడు. పస్కా పున్నమికి వస్తాది. అందుకే పగలూ రాత్రీ సమానమైనాక వచ్చే పున్నమి చూసి, ఆ తర్వాతి ఆదివారం మనం చేసుకుంటాం. ఆయన సమాధిలోంచి తిరిగి లేచింది ఆదివారమే గదా."

పాస్టరుగారు తడి ఇసుకలో నిలబడి వాక్యం చదివారు. ఆడవాళ్ళు సుగంధ ద్రవ్యాలు తీసుకుని వెళ్ళేసరికి యేసయ్య సమాధి ఖాళీగా ఉందని. ఏటా ఆ మాటకు అందరం హల్లెలూయా అనేవాళ్ళం. నిన్న ఎవరూ అనలేదు. నీ కొడుకు మోకాలి లోతు నీళ్ళలో దిగి, నీ సిమెంటు సిలువ కోసం చేతులతో తడుముతూ ఉన్నాడు.

"పైకి రాయ్యా" అన్నాను.

"అమ్మ యాడుందో తెలీకుండా పోయినాది మే" అన్నాడు.

నీ వెనక వరసలో మరియమ్మ సమాధి ఒక్కటే మిగిలింది. చేపలు ఎండబెట్టే చోటు కోసం తగాదా పడి, చనిపోయేదాకా నువ్వు మాట్లాడని మరియమ్మే. పూలు ఇంటికి తిరిగి తేవడానికి మనసొప్పలేదు. ఆమె మీదే పెట్టాను. నీకు కోపం వస్తుందని తెలుసు. నీకు దగ్గరగా ఇంకెవరూ మిగల్లేదత్తా.