ఫ్లెక్సీ మీద కళ్ళు

మంగళవారం

మా బాపు గుడ్డ మీద గీసిన పటం చూపిస్తూ ఊరూరా కథ చెప్పే ఓదెలు తాత ఇవాళ వచ్చాడు. కొత్త పటం నన్ను గీయమంటాడని ఆశపడ్డాను. తీసి పరిచింది ఫ్లెక్సీ! పాత పటాన్ని ఫోటో తీయించి హుస్నాబాద్‌లో కొట్టించాడట. దేవుళ్ళందరికీ కళ్ళ చోట తెల్లగా వదిలేయించాడు.

"పటం చినిగిపాయె బిడ్డా. కొత్తది గీయించే తాకత్ నాకు లేదు. కండ్లు మాత్రం నువ్వే తెరువాలె. కండ్లు తెరువని దేవుని ముంగట కథ ఎట్ల చెప్పాలె?"

నాకు ఒళ్ళు మండింది. "గా మిషిన్‌నే తెరువుమను తాతా" అన్నాను. ఆయన కోపం తెచ్చుకోలేదు. "రేపు పొద్దుగాల కొబ్బరికాయ పట్టుకొని వస్త" అని ఫ్లెక్సీ వదిలి వెళ్ళాడు.

పటం గీయించుకున్నవాళ్ళు ఎదురుగా కూర్చున్నాకే బాపు కళ్ళు పెట్టేవాడు. నేను మొన్న హోటల్ వాళ్ళు గోడ అలంకారానికి గీయించుకున్న గుడ్డ పటానికి ఫోన్‌లో పాటలు వింటూ ఒక్కదాన్నే కళ్ళు పెట్టేశాను. వాళ్ళు అడగనూ లేదు. మా ఇల్లు గడిచేది వాళ్ళతోనే. తప్పేముంది?

మనసు ఆగక నల్లరంగు కలిపి ఫ్లెక్సీ అంచు మీద చుక్క పెట్టి చూశాను. ఆరాక గోరు తగిలితే ఊడి వచ్చింది. తాతకు ఏమని చెప్పను...

హోటల్ పటం మీద ఇదే రంగు ఎంత గట్టిగా పట్టిందో.