గడువు దాటిన బయానా

చిక్కడపల్లి

జగదీశ్వర్ గారికి నమస్కారం.

మా ఇల్లు అమ్మినందుకు మీకు కమీషన్ రాదని మొన్న గట్టిగా అన్నాను. మన ఒప్పంద కాగితం గడువు ఆరు నెలలు. ఇల్లు కొన్న రమాకాంత్ ఆ గడువు దాటిన మర్నాడు బయానా ఇచ్చాడు. మీరు వాదించలేదు. "మీ ఇష్టం సార్, కాగితం మీ దిక్కున్నది" అని మెట్లు దిగి వెళ్లిపోయారు.

రమాకాంత్‌కు ఇల్లు మొదట చూపించింది మీరే. ఆ రోజు మా ఆవిడ మంచంలో ఉంది. మీరు ఆమె గది గుమ్మం దగ్గరే ఆగి, "అమ్మ పండుకున్నది, ఈ రూం మల్లొచ్చి చూద్దాం" అన్నారు. ఆమె నిద్రపోలేదు, విన్నది. "ఈయన చేతుల మీదుగనే అమ్ముదాం" అన్నది నాతో.

ఆమె పోయిన నెలకు రమాకాంత్ ఒక్కడే వచ్చాడు. గడువుకు ఇంకా పన్నెండు రోజులున్నాయి. "జర ఆగు, గడువు అయిపోయినంక రా" అని చెప్పింది నేనే.

సోమవారం మీ ఆఫీసుకు వచ్చి మీ కమీషన్ ఇస్తాను. ఈలోగా నా బుద్ధి మళ్లీ మారితే నాకు ఈ ఉత్తరం చూపించండి. ఇప్పుడు కాగితం మీ దిక్కున్నది.