రెండో విజిల్

అమ్మా, నేనిక్కడ కులాసా. గొంతు పూర్తిగా నయమైంది, నువ్వు కంగారుపడి బయల్దేరకు.

నిన్న మా హెడ్మాస్టరమ్మ నా డ్రిల్లు క్లాసు చూడటానికి వచ్చారు. నా ఉద్యోగం ఖాయం చెయ్యడం ఆవిడ చేతిలోనే ఉంది. గొంతు పోయినప్పటినుంచి ఒకటో తరగతి పిల్లలకు నేను చెప్పింది ఒకటే. ఒక విజిల్ వేస్తే పరుగెత్తాలి, ఇంకోటి వేస్తే ఆగాలి, నోటిమాట వినక్కర్లేదు. మొదటి విజిల్‌కి పరుగందుకున్నారు. రెండోసారి ఊదితే లోపలి గోళీ ఇరుక్కుని గాలే వచ్చింది. "ఆగండర్రా!" అని అరిచినా ఒక్కరూ ఆగరే! "విజిల్ వెయ్యలేదుగా టీచర్!" అంటూ రొప్పుతూ తిరుగుతూనే ఉన్నారు. ఇక లాభం లేదని, నువ్వు మేడమీంచి మమ్మల్ని పిలిచినట్టే రెండు వేళ్ళు నోట్లో పెట్టి ఈల వేశాను. ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయారు.

"ఎవరు నేర్పారమ్మా?" అన్నారు హెడ్మాస్టరమ్మ.

"మా అమ్మండీ."

నవ్వుతూ సంతకం పెట్టేశారు. "ఆడదానికి ఈలేమిటే" అని నిన్ను సాధించిన నాయనమ్మకు ఈ ముక్క గట్టిగా చదివి వినిపించు.

తమ్ముడు కళ్ళజోడు పెట్టుకుంటున్నాడా? అటకమీది నా కాన్వాసు బూట్లు పంపించు. నాన్నకు నమస్కారాలు.

అన్నట్టు, ఇప్పుడు పిల్లలందరికీ ఆ ఈల నేర్పాలట. సగంమందికి ముందుపళ్ళు ఊడిపోయాయి, ఎంత ఊదినా తుంపర్లే. పళ్ళు లేకుండా ఎలా వెయ్యాలో, ముందు నాయనమ్మ చేత వేయించి చూసి రాయి.

నీ పెద్దది